లాజిస్టిక్స్ అంటే రవాణా ఒక్కటేనా?

సందేహం: ‘లాజిస్టిక్స్’ను ఒక అనువాదంలో తర్కశాస్త్రం అన్నారు, ఇంకోచోట రవాణా అన్నారు. ఏది సరి? సైన్యానికీ వ్యాపారానికీ ఒకే మాట ఎట్లా సరిపోతుంది? – ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సమాధానం: తర్కశాస్త్రం ముమ్మాటికీ తప్పు. అది లాజిక్. లాజిస్టిక్స్‌కు మూలంగా చెప్పే గ్రీకు మాటకు లెక్కకు సంబంధించినది అని అర్థం. ఫ్రెంచిలో ‘లోజీ’ అంటే బస. సేనకు విడిది చూడటంలోంచి ఈ మాట వచ్చిందనేవారూ ఉన్నారు. 1838లో స్విస్ సేనాని జోమినీ యుద్ధకళ మీద రాసిన గ్రంథం దీన్ని సైనిక పరిభాషలో స్థిరపరిచింది.

రవాణా అనడం సగమే సరి. మీ దగ్గర వడ్లు కొనే ఐకేపీ కేంద్రాన్నే చూడండి. 1,000 క్వింటాళ్ల వడ్లు మిల్లుకు పోవాలంటే, బస్తాకు 40 కిలోల లెక్కన 2,500 గన్నీ సంచులు ముందే వచ్చి ఉండాలి. తేమ 17 శాతం దాటకూడదు. కాంటా కావాలి, ఎత్తడానికి హమాలీలు కావాలి, 25 టన్నుల లారీలు నాలుగు కావాలి. మిల్లులో దిగుమతి ఆలస్యమైతే ఆ నాలుగూ వరుసలోనే నిలుస్తాయి. లారీ ఉంది, డ్రైవరున్నాడు, రోడ్డూ బాగుంది. అయినా కేంద్రంలో బస్తాలు కదలవు. ఈలోపు వాన పడితే కాంటా అయిన ధాన్యం కూడా తడుస్తుంది. ఇక్కడ చెడింది రవాణా కాదు, లాజిస్టిక్స్. (దిగుమతి అంటే దించుకోవడం అన్న అసలు అర్థం మన మిల్లుల్లో ఇంకా బతికే ఉంది. అది నాకెంతో ఇష్టమైన సంగతి.)

సైన్యంలోనూ అంతే. తిండి, ఇంధనం, మందుగుండు, బండ్ల మరమ్మతు, గాయపడ్డవారిని వెనక్కి చేర్చడం అన్నీ ఇందులోవే. లడఖ్‌లో మంచుకు కనుమలు మూసుకునేలోపే చలికాలపు సరుకంతా పైకి చేర్చి నిల్వ పెడతారు. ఎక్కడ పోరాడాలన్నది వ్యూహం. అక్కడ సేన నిలబడటానికి కావలసినదంతా వేళకు అందించడం లాజిస్టిక్స్. మొగలుల సేనలకు ఎడ్ల మీద ధాన్యం మోసి అందించింది బంజారాలు. వాళ్ల తండాలు నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి.

మనకు మాట లేదా అంటే, కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ‘వీవధం’ ఉంది. సేనకు వచ్చే ధాన్యాది సరఫరా అని అర్థం. కావడి అనీ అర్థముంది. చక్కని మాటే కానీ ఇప్పుడు వాడితే ఎవరికీ తెలియదు. ‘బందోబస్తు’ ఒకప్పుడు ఏర్పాటే, నేడు పోలీసుల కాపలా అయింది. ‘సరంజామా’ వస్తువులను చెబుతుంది, పనిని చెప్పదు.

అందుకని నా సలహా: లారీల సంగతే అయితే ‘రవాణా’, గోదాము సంగతైతే ‘నిల్వ’ అని విడిగా రాయండి. అన్నీ కలిపి చెప్పాల్సివస్తే ‘సరఫరా ఏర్పాట్లు’ అనండి. శాస్త్రం పేరుగా, సంస్థల పేర్లలో ‘లాజిస్టిక్స్’నే ఉంచండి. చివర ‘స్’ ఉందని బహువచనం చేయనక్కర్లేదు. ‘లాజిస్టిక్స్ దెబ్బతింది’ చాలు, ‘దెబ్బతిన్నాయి’ వద్దు. ‘ఏర్పాట్లు’ అన్నప్పుడు మాత్రం ‘దెబ్బతిన్నాయి’ అనే రాయాలి.