మామిడి తోటలో వెంపలి: పీకేయాలా, ఉంచుకోవాలా?

అన్నా, చంద్రగిరి దగ్గర మీ మామిడి తోటలో సాళ్ల మధ్య మోకాలెత్తు ఊదాపూల పొదలు కమ్ముకున్నాయి, అవి వెంపలి మొక్కలో నీలిచెట్లో తెలియడం లేదు, గడ్డిమందు కొట్టేయమంటారా అని అడిగారు. ఎవరో ఎరువుకు మంచిదన్నారని విత్తనాలు ఏరి ఖాళీ కయ్యలో చల్లితే ఒక్కటీ మొలవలేదని కూడా రాశారు. మాదీ చిత్తూరు వైపు బెంగళూర మామిడి తోటే. ఎర్రనేల, బోరు నీళ్లు అంతంతమాత్రం. నేను డిగ్రీలో చదివింది వృక్షశాస్త్రం, కాబట్టి కాస్త పుస్తకం, కాస్త తోట కలిపి చెప్తాను.

అది వెంపలే అయితే గడ్డిమందు డబ్బులు మిగుల్చుకోండి. ముందు వెంపలో కాదో తేల్చుకోవాలి.

ఒక రెమ్మ తుంచండి. ఈనెకు రెండు వైపులా చిన్న చిన్న ఆకులు జతలుగా ఉండి, కొసన ఒంటి ఆకు ఉంటుంది. ఇక్కడిదాకా నీలిచెట్టుదీ అదే వాటం, అందుకే అందరూ పొరపడతారు. ఇప్పుడు ఒక చిన్న ఆకును మొదలూ కొసా పట్టుకొని మెల్లగా లాగండి. వెంపలి ఆకు అడ్డంగా తెగదు, బాణం మొనలా కోసుగా తెగుతుంది. రెండో ముక్కలో సరిగ్గా ఆ మొన పట్టేంత నొక్కు మిగులుతుంది. కారణం దాని ఈనెలు. నడిమి ఈనె నుంచి ఏటవాలుగా, పక్కపక్కనే వరసగా అంచుదాకా పోతాయి, ఆకు వాటి వెంబడే చీలుతుంది. ఎండిన ఆకుతో ఈ పరీక్ష కుదరదు, పచ్చిదే కావాలి.

పూలు, కాయలు ఉంటే ఇంకా తేలిక. వెంపలి పూలగెల ఆకు పక్కనుంచి కాకుండా ఆకుకు ఎదురుగా, కొమ్మకు అవతలి వైపు నుంచి లేస్తుంది. పూలు ఊదా, ఒక్కోసారి పాలిపోయి తెల్లగా ఉంటాయి. కాయ బల్లపరుపుగా, వేలి కణుపంత నుంచి రెండు కణుపులంత పొడవు ఉండి కొస కొంచెం పైకి వంగుతుంది. నీలిచెట్టు పూలు గులాబీ రంగువి, ఆకు మొదట్లోనే చిన్న గెలగా వస్తాయి. దాని కాయ సన్నగా, గుండ్రంగా ఉంటుంది. పసుపు పూలు పూస్తే మాత్రం ఈ రెండూ కావు, తంగేడో జీలుగో అయి ఉంటుంది.

కలియుగం ముదిరితే మనుషులు వెంపలి చెట్లకు నిచ్చెనలు వేసుకుంటారని మన పెద్దవాళ్లు అంటుంటారు కదా, ఆ వెంపలి ఇదే. మన బీళ్లలో మోకాలు దాటితే గొప్ప, తేమ తగిలే గెనిమ మీద నడుం దాకా పోతుంది. కానీ తల్లివేరు గట్టిది, లోతుకు దిగుతుంది. మే నెలలో గడ్డి మొత్తం మాడిపోయినా దీని మొదలు చావదు. పైన కోసినా, మంట తగిలి కాలినా, వాన పడితే మళ్లీ చిగురేస్తుంది. కూలీలు ఎన్నిసార్లు కొడవలి వేసినా వస్తోందన్నారే, కారణం అదే.

దీని శాస్త్రీయ నామం టెఫ్రోసియా పర్పురియా. అలసంద, పెసర, చెనిక్కాయల కుటుంబమే. వాటి వేర్లలో కాపురముండే తరహా బాక్టీరియాయే దీని వేర్లలోనూ చేరి గాలిలోని నత్రజనిని పట్టిపెడుతుంది. తోటలో ఇదివరకు చెనిక్కాయ పండించి ఉంటే ఆ బాక్టీరియా నేలలో ఉండే ఉంటుంది, ప్యాకెట్లు కొని కలపనక్కర్లేదు. చూడాలనుంటే వాన పడ్డాక ఒక లేత మొక్కను పారతో మట్టిగడ్డతో సహా లేపి నీళ్లలో కడగండి. చేత్తో లాగితే బుడిపెలు నేలలోనే రాలిపోతాయి. ఒక బుడిపెను గోటితో చీలిస్తే లోపల లేత ఎరుపు కనిపించాలి. మన రక్తంలోని హిమోగ్లోబిన్ లాంటి పదార్థమే ఆ రంగుకు కారణం, అలా ఉంటే పని జరుగుతున్నట్టు. ఎండాకాలంలో తవ్వి బుడిపెలు లేవని నిరాశపడొద్దు, తేమ లేకపోతే అవి నిలవవు.

ఇక్కడ చాలామంది ఒక సంగతి మరిచిపోతారు. వెంపలి పక్కన నిలబడినంత మాత్రాన ఆ నత్రజని మామిడికి చేరదు. చాలా భాగం వెంపలి ఆకుల్లోనే ఉంటుంది. కోసి, నేల మీద పరిచి, అది కుళ్లితేనే మామిడికి దక్కేది. కోయకుండా వదిలేస్తే నీళ్ల దగ్గర మామిడికి పోటీ కూడా వస్తుంది, ముఖ్యంగా చిన్న మొక్కల తోటలో.

విత్తనాలు మొలవకపోవడంలో మీ తప్పేం లేదు. వెంపలి గింజ తోలు నీళ్లను లోపలికి పోనివ్వదు. మొదటి వానకే అన్నీ మొలిచి, ఆ తర్వాత నెలరోజులు ఎండ కాస్తే వంశమే పోతుంది కదా. అందుకని కొన్ని ఈ ఏడు, కొన్ని ఇంకో ఏడు మొలుస్తాయి. పైగా ఎండిన కాయ పేలి, రెండు డొప్పలూ మెలితిరిగి, గింజల్ని విసిరేస్తుంది. మీరు ఏరుకొచ్చేసరికే మంచివి సగం నేలలో ఉంటాయి. తమిళనాడులో దీన్ని కొళింజి పేరుతో వరి మళ్లలో పచ్చిరొట్టగా, అంటే పచ్చిగానే నేలలో కలిపే ఎరువుగా వేస్తారు. గింజల్ని 55 డిగ్రీల వేడినీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి చల్లడం అక్కడి పద్ధతి. నేను మాత్రం గరుకు ఇసుకలో కలిపి గోనెసంచీ మీద పోసి, తోలు నిగనిగ పోయేదాకా రుద్దుతాను. మరీ గట్టిగా రుద్దితే గింజ పగులుతుంది, జాగ్రత్త. మొలిచినా మొదట్లో ఎదుగుదల నిదానం. ఒకే పంటకాలంలో దిట్టంగా పచ్చిరొట్ట కావాలంటే సబ్సిడీలో దొరికే జీలుగ, జనుమే మేలు. వెంపలి గొప్పతనం ఒకసారి పట్టుకుంటే మళ్లీ విత్తే పని లేకపోవడం, పశువులు దాదాపు ముట్టకపోవడం.

ఆ ముట్టకపోవడానికీ కారణం ఉంది. ఈ జాతి మొక్కల్లో రోటినాయిడ్లనే విష పదార్థాలుంటాయి, చేపలకు మరీ ప్రమాదం. కోసిన మండలు, ముఖ్యంగా వేర్లు, చేపలు పెంచే ఫాంపాండ్‌లో వేయకండి. ఆయుర్వేదంలో శరపుంఖ అనేది దీన్నే, కాలేయానికి, ప్లీహానికి వాడతారు. అలాగని గట్టు మీద పీక్కొచ్చి కషాయం కాచుకుని తాగితే నేను ఒప్పుకోను, వైద్యుడు చూసి ఇస్తే అది వేరే సంగతి.

ఇప్పుడు చేయాల్సింది. వెంపలి పూత మొదలైందని కనిపించగానే, కాయలు గట్టిపడకముందే, నేలకు జానెడు ఎత్తున కోయండి. ముదిరితే కాడ కట్టెబారి నెలల తరబడి కుళ్లదు. లేత మండల్ని మామిడి పాదుల్లో పరచండి, మానుకు మూరెడు దూరం వదలండి, లేకపోతే చెదలు పడతాయి. మామిడి పూత వచ్చేలోపు ఈ పని అయిపోవాలి. కంచె వైపు ఒక సాలు మాత్రం కోయకుండా విత్తనానికి వదిలి, ఆ ఎండుకట్టెను వేసవికి ముందే తీసేయండి. మన కొండల కింద ఎండాకాలం మంటల టెన్షన్ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

మామిడి మొక్కలు చిన్నవైతే మాత్రం పాదుల్లోపల మొలిచినవన్నీ పీకేయండి, సాళ్ల మధ్యవి చాలు. ఆకు ఎలా తెగిందో, కాయ ఎలా ఉందో ఒక ఫోటో పెడితే నీలిచెట్టో వెంపలో నేనూ చూసి చెప్తాను.