పాత ఫైళ్లు తిరగేసే ఉద్యోగం మా అమ్మాయికి ఎందుకు?

ప్రశ్న: మాది గాజువాక. నేను స్టీల్ ప్లాంట్ ఉద్యోగిని. మా అమ్మాయి బీకాం చేసి, సీఎస్ (కంపెనీ సెక్రటరీ) కోర్సులో ఎగ్జిక్యూటివ్ దశ పాసై, ద్వారకానగర్‌లో ఒక కంపెనీ సెక్రటరీ దగ్గర ట్రైనింగులో ఉంది. వాళ్ల క్లయింటు కంపెనీ ఒకటి ఐపీఓకి, అంటే తొలిసారి జనానికి షేర్లు అమ్మడానికి వెళ్తోందట. మూడు నెలలుగా దుమ్ము పట్టిన ఫైళ్లు తిరగేయడం, టిక్కులు పెట్టడమే పని. ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటుతోంది. మాన్పించి బ్యాంకు పరీక్షలకు కూర్చోబెట్టమంటారా?

జవాబు: మాన్పించొద్దండి. కనీసం ఈ ఇష్యూ, అంటే ఆ షేర్ల అమ్మకం, అయ్యేదాకా ఆగండి. ఇలాంటి పని మన ఊళ్లో ట్రైనీల చేతికి అరుదుగా వస్తుంది.

జనం దగ్గర డబ్బు తీసుకునే ముందు కంపెనీ తన గురించి అంతా రాసి, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీకి ముసాయిదా ఇవ్వాలి. దాన్నే డీఆర్‌హెచ్‌పీ అంటారు. అప్పులు, కోర్టు కేసులు, వచ్చే డబ్బు దేనికి వాడతారన్నది, అన్నీ అందులో ఉండాలి. కనీసం 21 రోజులు అది అందరి ముందూ ఉంటుంది, ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. సెబీ ప్రశ్నలడిగి, చివరికి పరిశీలనల లేఖ ఇస్తుంది. అక్కణ్నుంచి 12 నెలల్లో ఇష్యూ తెరవాలి. దానికి ముందు, ఆ ముసాయిదాని సవరించి రాసిన రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్ కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర దాఖలు కావాలి. మన రాష్ట్ర కంపెనీలకైతే ఆ ఆఫీసు విజయవాడలో ఉంది. ఇంత జరిగినా ఆ కంపెనీ మంచిదని సెబీ హామీ ఇవ్వదు, ఆ మాట ప్రాస్పెక్టస్‌లోనే అచ్చవుతుంది. రాసింది నిజమని నిలబడాల్సింది కంపెనీ, దాని డైరెక్టర్లు, ఇష్యూ నడిపించే మర్చంట్ బ్యాంకరు. తెలిసి అబద్ధం రాస్తే 2013 కంపెనీల చట్టం కింద జైలు కూడా ఉంది.

అందుకే ఆ టిక్కులు. కంపెనీ పుట్టినప్పటి నుంచి ఏ షేరు ఎవరికి, ఎప్పుడు, ఎంతకు ఇచ్చారో ముసాయిదాలో పట్టిక ఉంటుంది. ప్రతి వరసకీ బోర్డు తీర్మానం, రిజిస్ట్రార్‌కి పంపిన ఫారం, డబ్బు వచ్చినట్టు ఆధారం చూపించాలి. నాకు తెలిసిన ఒక ట్రైనీ, తొంభైల నాటి ఒక కేటాయింపు సభ్యుల రిజిస్టరులో 12,500 షేర్లని, ఫారంలో 12,050 అని ఉన్నట్టు పట్టుకుంది. చేతిరాతలో అంకెలు తారుమారయ్యాయి, అంతే. కానీ అలాగే వదిలేసి ఉంటే తర్వాత ఉచితంగా ఇచ్చిన బోనస్ షేర్ల లెక్క దగ్గర్నుంచి ప్రమోటర్ల (కంపెనీ పెట్టి నడిపేవాళ్ల) వాటా దాకా అన్నీ తప్పుగా వచ్చేవి. పాత ఫారం అసలు దొరక్కపోతే ఆ సంగతి కూడా ముసాయిదాలో రిస్క్ ఫ్యాక్టర్లు, అంటే కొనేవాళ్లకున్న ముప్పులు చెప్పే భాగంలో రాయాలి. మీ ప్లాంట్‌లో ఏ విడత ఉక్కో చెప్పే హీట్ నంబరు లేని బిల్లెట్ (ఉక్కు దిమ్మె) గేటు దాటుతుందా? ఇదీ అలాంటిదే.

ఉద్యోగాల మాటకొస్తే, లిస్టయిన ప్రతి కంపెనీలో నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ ఆఫీసరుగా సీఎస్ పాసైనవాళ్లే ఉండాలన్నది సెబీ నిబంధన. కానీ ఐపీఓ పనే కావాలనుకుంటే విశాఖలో ఉండి ఎదగడం కష్టం. మర్చంట్ బ్యాంకర్లు, పెద్ద లా ఫర్ములు ఎక్కువగా ముంబైలో ఉన్నాయి. కొన్నేళ్లు అక్కడో హైదరాబాద్‌లోనో ఉండటానికి ఆమె సిద్ధమేనా, మీరు పంపగలరా? ఇంట్లో తేల్చుకోవాల్సింది ఇది. 21 నెలల ట్రైనింగులో స్టైపెండు తక్కువే, దాన్ని చూసి వృత్తిని అంచనా వేయకండి. సీఎస్‌లో తర్వాతి దశ అయిన ప్రొఫెషనల్ పరీక్షలకు మాత్రం రోజూ చదివే టైము ఉండాలి.

రాత్రి భోంచేసేటప్పుడు 'ఈరోజు ఏం దొరికిందమ్మా?' అని అడిగి చూడండి. ఉత్సాహంగా చెబితే ఆ పని ఆమెకు నచ్చినట్టే. నాలుగైదుసార్లు అడిగినా విసుక్కుంటే అప్పుడు బ్యాంకు పరీక్షల గురించి మాట్లాడుకోండి, అందులో తప్పేమీ లేదు. కంపెనీ పేరు మాత్రం అడగొద్దు. బయటికి రాని సమాచారం నోరు జారితే ఆమెకే ఇబ్బంది.

ఇక టైము సంగతి. దాఖలుకు ముందు చివరి వారాల్లో ఆలస్యం తప్పదు గానీ మూడు నెలలూ తొమ్మిదింటిదాకా కూర్చోబెట్టడం న్యాయం కాదు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి గాజువాక బస్సు పట్టుకోవాలి కాబట్టి ఏడింటికి పంపమని సార్‌ని ఆమెనే అడగమనండి.