టెక్ సందేహాలు: చైన్‌సా కార్బురేటర్‌ని ఇప్పుడు ట్యూన్ చేసేది ఎవరు?

ప్రశ్న: చాలా ఏళ్లుగా పాత చైన్‌సా (గొలుసు రంపం) వాడుతున్నాను. గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్‌కి ఉన్న హై, లో స్క్రూలు తిప్పి ట్యూన్ చేసుకోవడం చేతికి అలవాటైపోయింది. ఈమధ్య ఆటో ట్యూన్ ఉన్నది కొన్నాను. దీనికి ఆ స్క్రూలే లేవు. తనంతట తాను ఎలా సర్దుకుంటుంది? పవర్ నిజంగా పెరుగుతుందా?

పవర్ సంగతి ముందు చెబుతాను. బాగా ట్యూన్ చేసిన మీ పాత రంపాన్నీ, అదే సైజు ఇంజిన్ ఉన్న ఆటో ట్యూన్ రంపాన్నీ పొద్దున్నే పక్కపక్కన పెట్టి ఒకే దుంగ కోసి చూడండి. కార్బురేటర్ వల్ల వచ్చే తేడా దాదాపు కనిపించదు. అది తెలిసేది మధ్యాహ్నం. పొద్దున చల్లగాలి చిక్కగా ఉంటుంది, ఎండెక్కాక పలచబడుతుంది. నాలుగు ట్యాంకులు అయ్యేసరికి ఎయిర్ ఫిల్టర్‌కి పొట్టు పడుతుంది. గాలి తగ్గుతున్నా స్క్రూ మాత్రం మీరు పొద్దున వదిలిన చోటే ఉంటుంది. గాలీ పెట్రోలూ కలిసిన మిక్చర్ రిచ్ అయిపోతుంది, అంటే అందులో పెట్రోల్ పాలు ఎక్కువవుతుంది, పికప్ మందగిస్తుంది, పొగ పెరుగుతుంది. ఆటో ట్యూన్ రంపం పొద్దున ఎలా ఉందో సాయంత్రం దాకా ఇంచుమించు అలాగే ఉంటుంది. దాని గొప్పతనం అదే, నా దృష్టిలో అది చిన్న విషయం కాదు.

ఇక అది ఎలా చేస్తుందో చూద్దాం. పెట్రోల్ కార్లలో మిక్చర్ సరిచూసేందుకు సైలెన్సర్ దారిలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. చైన్‌సాలో అలాంటిదేమీ లేదు. కార్బురేటర్‌లో కరెంటుతో తెరుచుకుని మూసుకునే చిన్న సోలినాయిడ్ వాల్వు, స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ మాడ్యూల్లోనే కలిసిపోయిన కంట్రోల్ యూనిట్, ఈ రెంటినీ కలిపే వైరు, అంతే. ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రం, అంటే ఫ్లైవీల్, తిరిగే ప్రతి చుట్టూ ఆ యూనిట్‌కి తెలుస్తుంది. మీరు ఫుల్ రేజ్‌లో కోస్తున్నప్పుడు అది కొన్ని చుట్ల పాటు పెట్రోల్ కాస్త తగ్గించి చూస్తుంది. ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) పెరిగిందా, మిక్చర్ రిచ్‌గా ఉందన్నమాట, ఇంకాస్త తగ్గిస్తుంది. పడిపోయిందా, లీన్ అవుతోందన్నమాట, అంటే పెట్రోల్ చాలడం లేదు, పెట్రోల్ పెంచుతుంది. రోజంతా ఇదే పని.

పాత రంపం మీద మీరు చేసేదీ ఇదేగా! ఫుల్ రేజ్ ఇచ్చి హై స్క్రూని కొద్దికొద్దిగా తిప్పుతూ చెవి పెట్టి వింటారు. గాల్లో ఉన్నప్పుడు బరబరమని కాస్త గరుకుగా మోగి, చైన్ దుంగలో దిగగానే ఆ గరుకుదనం పోయి నున్నగా పాడితే మిక్చర్ సరిగ్గా ఉందని లెక్క. ఆ గరుకు చప్పుడునే ఫోర్ స్ట్రోకింగ్ అంటారు. గాల్లో కూడా కీచుమని సన్నగా అరుస్తుంటే లీన్ అయినట్టు, వెంటనే ఆపాలి. చేయి తిరిగినవాళ్ల చెవి చేసే పనిని ఆ మాడ్యూల్ అలసిపోకుండా చేస్తోంది.

కానీ ఆ పాత పరీక్షను కొత్త రంపం మీద చేయకండి. చాలా కొత్త మోడళ్లలో ఆర్‌పీఎం హద్దు దాటకుండా ఆపే రెవ్ లిమిటర్ ఉంటుంది. గాల్లో ఫుల్ రేజ్ ఇస్తే స్పార్క్‌ని మధ్యమధ్య ఆపేస్తుంది. ఆ చప్పుడు అచ్చం ఫోర్ స్ట్రోకింగ్‌లాగే వినిపించి చెవిని మోసం చేస్తుంది. పైగా కోత లేకుండా ఊరికే రేజ్ చేస్తే మాడ్యూల్‌కి సరైన లోడ్ అందదు, అది నేర్చుకునేది తక్కువ.

ప్రశ్న: బ్యాటరీ లేదు కదా, ఈ ఎలక్ట్రానిక్స్‌కి కరెంటు ఎక్కడిది?

ఫ్లైవీల్‌లోని అయస్కాంతాలు కాయిల్ పక్కనుంచి దూసుకెళ్లేటప్పుడు స్పార్క్‌కి కరెంటు పుడుతుంది కదా, మాడ్యూల్‌కీ సోలినాయిడ్‌కీ అదే ఆధారం. తాడు లాగగానే అవి మేలుకుంటాయి. స్టిల్ కంపెనీ ఎం-ట్రానిక్, హస్క్‌వార్నా కంపెనీ ఆటోట్యూన్ రెండూ ఇంతే. 2019లో వచ్చిన స్టిల్ ఎంఎస్ 500ఐ ఇంకో అడుగు ముందుకేసింది. అందులో కార్బురేటరే లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు. దానికీ బ్యాటరీ లేదు.

ప్రశ్న: కొండ మీద పనికి తీసుకెళ్లాను. మొదటి ట్యాంకు సగం దాకా రంపం బద్ధకంగా ఉంది, తర్వాత అదే సర్దుకుంది. కొత్త మెషీన్, లోపం ఉందేమోనని టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ అక్కర్లేదు, అది లోపం కాదు. కిందటిసారి ఆపినప్పటి సెట్టింగ్‌ని మాడ్యూల్ గుర్తుపెట్టుకుని, మళ్లీ అక్కడి నుంచే మొదలుపెడుతుంది. సముద్ర మట్టం నుంచి 1000 మీటర్లు ఎక్కితే గాలి సాంద్రత దాదాపు 10 శాతం తగ్గుతుంది. కింద సరిపోయిన పెట్రోల్ అక్కడ ఎక్కువైపోతుంది. మాడ్యూల్ ఆ సంగతి గ్రహించాలంటే మీరు నిజంగా కోయాలి. నిండా రేజ్ ఇచ్చి నాలుగైదు మంచి కోతలు కోస్తే సర్దుకుంటుంది. ఫిల్టర్ మార్చినా, పెట్రోల్ రకం మారినా ఇదే పద్ధతి. కొన్ని మోడళ్లకు ప్రత్యేకంగా కాలిబ్రేషన్ చేసే వరుస ఉంటుంది. అది మోడల్‌కో తీరుగా ఉంటుంది కాబట్టి మీ మాన్యువల్లో ఉన్నదే పాటించండి, ఇంకొకరి రంపానికి చెప్పింది దీనికి చేయకండి.

ఇంకోమాట. సర్దుకున్నాక కూడా కొండ మీద రంపానికి కింద ఉన్నంత బలం రాదు. మిక్చర్‌ని సరిచేయగలదు గానీ, గాలిలో లేని ఆక్సిజన్‌ని ఆటో ట్యూన్ ఎక్కడి నుంచి తెస్తుంది?

ప్రశ్న: ఆటో ట్యూన్ ఉంటే పిస్టన్ పట్టేయదని మా మెకానిక్ అన్నాడు. నిజమేనా?

సగం నిజం. మిగతా సగం తెలియకపోతే ఇంజిన్ పోతుంది.

చైన్‌సాలో ఉండే టూ స్ట్రోక్ ఇంజిన్‌కి వేరే ఆయిల్ ట్యాంకు ఉండదు. పెట్రోల్‌లో కలిపిన ఆయిలే పిస్టన్‌కీ బేరింగులకీ దిక్కు. మిక్చర్ లీన్ అయితే పెట్రోల్‌తో పాటు ఆయిలూ తగ్గుతుంది, వేడి కూడా పెరుగుతుంది. స్క్రూని లీన్ వైపు ఎక్కువ తిప్పేసి రంపాలను పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ ప్రమాదం ఇందులో బాగా తగ్గింది. మెకానిక్ మాట అంతవరకు సరైనదే.

అయితే ట్యాంకులో ఉన్నది ఆయిల్ కలిపిన పెట్రోలో, ఆయిల్ కలపడం మరిచిపోయిన ఉత్త పెట్రోలో మాడ్యూల్‌కి తెలియదు. అది ముఖ్యంగా చూసేది ఆర్‌పీఎంనే. ఉత్త పెట్రోల్ పోసినా మొదట్లో రంపం హుషారుగానే తిరుగుతుంది, మాడ్యూలూ అంతా బాగుందనే అనుకుంటుంది. మాన్యువల్లో 50:1 అని ఉంటే లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్ల ఆయిల్. ఉజ్జాయింపుగా పోయకండి, కొలిచి పోయండి.

అనుమానం వస్తే చూసుకోవడం సులువే. ఇంజిన్ చల్లారాక ప్లగ్ తీసి, మఫ్లర్ (సైలెన్సర్) విప్పండి. తాడుని మెల్లగా లాగుతూ ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి టార్చి వేసి చూడండి. పిస్టన్ పక్కభాగం నున్నగా, మిషన్ పట్టిన సన్నటి అడ్డగీతలతో కనిపిస్తే మంచిది. పైనుంచి కిందికి గోటితో గీరినట్టు నిలువు గీతలు, అల్యూమినియం మసకబారి పూసుకుపోయినట్టు మచ్చలు ఉంటే ఇంజిన్ దెబ్బతిన్నట్టే. ఆ స్థితిలో ఇంకో ట్యాంకు కొట్టి చూద్దామనుకోకండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో ఆటో ట్యూన్ రంపం ఒకటి దొరుకుతోంది. బాగా నడుస్తోంది. తీసుకోవచ్చా?

ఇక్కడ నాకు కొంచెం భయం ఉంది. క్రాంక్ షాఫ్ట్ చుట్టూ గాలి చొరబడకుండా ఆపే క్రాంక్ సీల్ అరిగినా, కార్బురేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య రబ్బరు పగిలినా లోపలికి దొంగగాలి వస్తుంది. పాత రంపమైతే వెంటనే బయటపడుతుంది: రేజ్ ఇవ్వనప్పుడు ఇంజిన్ స్లో నిలబడదు, రేజ్ వదిలినా ఆర్‌పీఎం తొందరగా దిగదు. మీరు అనుమానించి విప్పుతారు. ఆటో ట్యూన్ రంపం ఆ గాలికి తగ్గట్టు పెట్రోల్ పెంచేసుకుని ఏమీ జరగనట్టు నడుస్తూనే ఉంటుంది. దాని సర్దుబాటుకి ఒక హద్దు ఉంది. లీకు ఆ హద్దు దాటిన రోజు ఉన్నట్టుండి లీన్ అయిపోతుంది. అంటే పైకి బాగా నడుస్తోందన్న మాట ఒక్కటే నమ్మి కొనడం ఈ రంపాల విషయంలో పాతవాటికన్నా ఎక్కువ రిస్కు.

కాబట్టి డబ్బు చేతిలో పెట్టే ముందు మూడు పనులు అడగండి. పైన చెప్పినట్టు మఫ్లర్ విప్పి పిస్టన్ చూపించమనండి. గాలి లీకు పట్టడానికి క్రాంక్‌కేస్‌కి (సిలిండర్ కింద క్రాంక్ తిరిగే గదికి) ప్రెషర్, వ్యాక్యూమ్ టెస్ట్ రెండూ చేయించండి. కంపెనీ సర్వీస్ సెంటర్లో డయాగ్నస్టిక్ పరికరం తగిలించి మాడ్యూల్లో ఉన్న వివరాలు చదివించండి. మాడ్యూల్, సోలినాయిడ్, వైరింగ్ పాడైతే స్క్రూడ్రైవర్‌తో ఇంట్లో బాగుచేసుకునేవి కావు, భాగం మార్చాల్సిందే. విప్పి చూపించడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే వదిలేయండి.

ఒప్పుకుని, టెస్టులన్నీ బాగానే వచ్చి, అయినా కోత మెల్లగా సాగుతోందనిపిస్తే కార్బురేటర్ని అనుమానించే ముందు కింద రాలుతున్న పొట్టు చూడండి. పలుకులు పలుకులుగా రాలితే చైన్‌కి పదునుంది. పిండిలా రాలుతుంటే చైన్ మొద్దుబారింది, ముందు ఆకురాయి పట్టండి.