అమ్మాయి ఆర్కిటిక్ గాలి చదువుతానంటోంది, సరేననవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది. ఆర్కిటిక్ మీద పైవాతావరణంలో ఉష్ణోగ్రతలు దశాబ్దాలుగా ఎలా మారుతున్నాయో, అదే చదువుతానంటోంది. బ్యాంకు పరీక్షలు రాయమంటే వినదు. ఆ మంచులోకి ఆడపిల్లను ఎలా పంపేది? ఉద్యోగం వస్తుందా?

జవాబు: మంచు సంగతి మరిచిపోండి. నార్వే ఉత్తరాన నై-ఆలెసుండ్‌లో 2008 నుంచి మన హిమాద్రి కేంద్రం ఉన్నమాట నిజమే. కానీ ఈ రంగంలో చాలామంది పని కంప్యూటర్ ముందే. ఆడవాళ్లూ హాయిగా చేస్తున్నారు లెండి.

ఆ పనేమిటంటే... మన మీనంబాక్కంలో బెలూన్‌కి రేడియోసాండ్ అనే చిన్న కొలత పరికరం కట్టి వదులుతారు చూడండి, ఆర్కిటిక్‌లోనూ అంతే. 30 కిలోమీటర్ల దాకా ఎగురుతూ ఉష్ణోగ్రతలు పంపుతుంది. ఆ రికార్డుల్లో కింది గాలి వేడెక్కుతోంది, దాని పైనున్న స్ట్రాటోస్ఫియర్ పొర చల్లబడుతోంది. సూర్యుడే కారణమైతే రెండూ వేడెక్కాలి కదా! కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పైన చల్లబడుతుందని మనాబే, వెదరాల్డ్ అనే శాస్త్రవేత్తలు 1967లోనే లెక్కగట్టారు. మనాబేకి 2021లో నోబెల్ వచ్చింది. పైన చల్లబడటానికి ఓజోన్ తగ్గడం కూడా ఒక కారణం.

అసలు చిక్కు ఆర్కిటిక్ చలికాలంలో ఉంది. ఒక్కోసారి కొద్ది రోజుల్లోనే స్ట్రాటోస్ఫియర్ పదుల డిగ్రీలు వేడెక్కిపోతుంది. దశాబ్దాల చిన్న మార్పు ఆ కుదుపుల్లో కలిసిపోతుంది. దానికి తోడు పరికరం మోడల్ మారినా అంకె కాస్త జరుగుతుంది. ఎండ తగిలితే సెన్సర్ ఎక్కువ చూపిస్తుంది, కానీ అక్కడ చలికాలమంతా ఎండే ఉండదు, అంటే ఆ తప్పు ఏడాదంతా ఒకేలా ఉండదు. గాలి మారిందా, పరికరం మారిందా అని తేల్చడం ఆడిటర్ పాత పద్దులు తిరగేసినట్టే. ఓపిక లేనివాళ్లకు నరకం.

ఉద్యోగాల విషయంలో తీపి మాటలు చెప్పను. పీహెచ్‌డీ తప్పదు, ఐదారేళ్లు పడుతుంది, పర్మనెంట్ పోస్టులు తక్కువ. వాతావరణ శాఖ, గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం, తిరుపతి దగ్గర గాదంకిలోని వాతావరణ పరిశోధనశాల ఉన్నాయి. చదువుకు బెంగళూరు ఐఐఎస్‌సీ మంచిది. పరిశోధన వద్దనుకున్నా ఆ గణాంకాల నేర్పు బీమా, పవన విద్యుత్ కంపెనీల్లో పనికొస్తుంది.

ఒప్పుకునే ముందు ఓ పని చేయించండి. అమెరికా వాతావరణ సంస్థ నోవా (NOAA) దగ్గర ఇగ్రా (IGRA) అనే రేడియోసాండ్ రికార్డు ఉచితంగా దొరుకుతుంది. చెన్నై, నై-ఆలెసుండ్ రెండింటి జనవరి ఉష్ణోగ్రతలు దించుకుని పైథాన్‌లో గీసి చూడమనండి. వేసవి సెలవులు సరిపోతాయి. విసుగొస్తే బ్యాంకు పరీక్షలు ఎక్కడికీ పోవు. రాకపోతే ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్‌కి చదవడం మొదలుపెట్టమనండి, బీఎస్సీ చివరి ఏడాదిలో ఉండగానే రాయొచ్చు. ఈలోగా మ్యాథ్స్ మాత్రం వదలనివ్వకండి.