పాఠకుల ప్రశ్నలు: సరిహద్దుకు ఇరువైపులా కుకీ సాయుధ దళం

ప్రశ్న: మణిపుర్ వార్తల్లో కుకీ నేషనల్ ఆర్మీ పేరు తరచుగా వస్తోంది. అది మయన్మార్ నుంచి వచ్చిన చొరబాటుదారుల ముఠా అని కొందరూ, మన దేశపు గిరిజనుల సంస్థే అని మరికొందరూ అంటున్నారు. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: రెండింటిలో ఒకదాన్ని ఎంచుకుంటే ఈ సంస్థ స్వభావం అర్థం కాదు. కుకీ నేషనల్ ఆర్గనైజేషన్ అనే రాజకీయ సంస్థకు సాయుధ విభాగంగా 1988లో ఏర్పడిన ఈ దళం మొదటినుంచీ సరిహద్దుకు రెండు వైపులా ఉన్న కుకీలకోసమే పుట్టింది. ఆ మాతృసంస్థకు చిరకాలంగా నాయకత్వం వహిస్తున్నది పి.ఎస్. హావోకిప్. వారు కోరుకునే స్వస్థలానికి పెట్టుకున్న పేరు జాలెన్‌గామ్. అందులో మణిపుర్ కొండలతోపాటు మయన్మార్‌లోని సగైంగ్ ప్రాంతపు కుకీ గ్రామాలు కూడా ఉన్నాయి.

ఈ కుకీలు సరిహద్దు గీత దాటి వచ్చారనడం కంటే, గీతే వారి మధ్యకు వచ్చిందనడం చరిత్రకు దగ్గరగా ఉంటుంది. మణిపుర్ రాజుల పాలనలో ఉండి, నేడు మయన్మార్ వైపున్న కబావ్ లోయను బ్రిటిష్‌వారు 1834లో బర్మా (నేటి మయన్మార్) రాజుకు అప్పగించారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్‌కు కూలీల దళాలను పంపాలని ప్రభుత్వం ఒత్తిడి చేసినప్పుడు, 1917 నుంచి 1919 వరకు కుకీ గ్రామపెద్దలు సాగించిన తిరుగుబాటు ఇటు మణిపుర్ కొండల్లోనూ అటు బర్మా వైపునా జరిగింది. నాటికి రెండూ భారతదేశపు బ్రిటిష్ ఏలుబడి కిందే ఉన్నాయి. 1937లో బర్మాను వేరుచేశాక పాలనాపరమైన ఆ హద్దు క్రమంగా దేశాల మధ్య సరిహద్దుగా మారింది. భారత్, బర్మాలు సరిహద్దు ఒప్పందం మీద సంతకాలు చేసిన 1967లోనే బర్మా ప్రభుత్వం ఖడావ్మి పేరుతో చేపట్టిన చర్య వల్ల కబావ్ లోయలోని వేలాది కుకీలు ఇళ్లు వదిలి మణిపుర్‌కు రావలసివచ్చింది. నేడు ఎవరు స్థానికులు, ఎవరు పరాయివారు అన్న ప్రశ్న అంత పదునుగా వినబడటానికి ఈ వలస కూడా ఒక కారణం.

(బర్మా నుంచి తిరిగివచ్చిన తెలుగు కుటుంబాలు విశాఖపట్నంలో నేటికీ ఉన్నాయి కనుక, రాత్రికి రాత్రి పరాయివారు కావడమంటే ఏమిటో మన పాఠకుల్లో కొందరికి పెద్దల నోట విన్న సంగతే.)

అయితే చరిత్రలోని అన్యాయం ఆయుధాన్ని సమర్థించదు. 1990లలో నాగా, కుకీ ఘర్షణల్లో వందలాది మంది మరణించారు, గ్రామాలకు గ్రామాలు తగలబడిపోయాయి. తమ ప్రజలకు రక్షణ తామేనని చెప్పుకొంటూ రెండు వైపులా సాయుధ సంస్థలు బలపడ్డాయి. ఆ రక్షణ పేరుతో జరిగే బలవంతపు వసూళ్ల భారాన్ని సామాన్యులే మోయవలసివచ్చింది.

ప్రశ్న: ఆయుధాలు పట్టినవారికి ప్రభుత్వం నెలనెలా డబ్బు ఇవ్వడం ఎందుకు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు అడుగుతున్నది కార్యకలాపాల నిలుపుదల ఒప్పందం గురించి. కేంద్ర ప్రభుత్వం, మణిపుర్ ప్రభుత్వం, కుకీ సంస్థల రెండు కూటములు 2008 ఆగస్టులో దీనిపై సంతకాలు చేశాయి. దళాలు నిర్ణీత శిబిరాల్లో ఉండాలి, ఆయుధాలను జంట తాళాల కింద ఉంచాలి, భద్రతా బలగాలు వారిపై దాడులు చేయవు. శిబిరంలో ఉన్నవారి పోషణకు భత్యం ఇస్తారు. శిబిరంలో ఉన్నవాడు భోజనం కోసం గ్రామం మీద పడకుండా చూడటమే దీని ఉద్దేశం. ఆ మేరకు ఇది సమంజసమైనదే. కాని ఇది కాల్పుల విరమణ మాత్రమే, రాజకీయ పరిష్కారం కాదు. పదిహేనేళ్లపాటు గడువు పొడిగిస్తూ, చర్చలను మాత్రం కొలిక్కి తేకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం.

అటవీ భూముల నుంచి ఖాళీ చేయించడంపై నిరసనలను రెచ్చగొడుతున్నారనీ, నాయకులు రాష్ట్రానికి బయటివారనీ ఆరోపిస్తూ, 2023 మార్చి 10న మణిపుర్ మంత్రివర్గం కుకీ నేషనల్ ఆర్మీ, జోమి రివల్యూషనరీ ఆర్మీలతో ఉన్న ఒప్పందం నుంచి వైదొలగాలని నిర్ణయించింది. రెండు నెలలు తిరగకుండానే, మే 3న మొదలైన హింసలో మణిపుర్ లోయలో అధిక సంఖ్యాకులైన మైతేయీలు, కుకీలు కలిపి 250 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు, సుమారు 60 వేల మంది నిరాశ్రయులయ్యారు. 2024 ఫిబ్రవరిలో ముగిసిన ఒప్పందాన్ని 2025 సెప్టెంబరు 4న కొత్త నిబంధనలతో మళ్లీ కుదుర్చుకున్నారు. మణిపుర్ ప్రాదేశిక సమగ్రతను గుర్తించడం, ఏడు శిబిరాలను తరలించడం, విదేశీయులు ఉంటే వారి పేర్లు తొలగించేందుకు శిబిరాల్లోని ప్రతి ఒక్కరినీ స్వయంగా తనిఖీ చేయడం వాటిలో ముఖ్యమైనవి.

ప్రశ్న: మయన్మార్ వైపున్న దళం కూడా ఇదేనా? కంచె వేస్తే సమస్య తీరుతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అటువైపు పనిచేసేది దాని బర్మా విభాగం. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్ సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్నాక, ఈ విభాగం సరిహద్దుకు ఆవల ఉన్న తము అనే పట్టణ పరిసరాల్లో ప్రజా రక్షణ దళాలతో కలిసి సైన్యంపై పోరాడుతోంది. ఇటువైపు కుకీ సంస్థలు నేడు శాసనసభతో కూడిన కేంద్రపాలిత ప్రాంతాన్ని అడుగుతుంటే, అటువైపు వారు సమాఖ్య వ్యవస్థలో స్వపరిపాలన కోరుతున్నారు.

ఇక సరిహద్దులో మన ప్రభుత్వం వేస్తున్న కంచె విషయం. మయన్మార్‌తో మన సరిహద్దు 1,643 కిలోమీటర్లు, అందులో మణిపుర్ వాటా 398 కిలోమీటర్లు. సరిహద్దు వాసులు వీసా లేకుండా అటూ ఇటూ తిరిగేందుకు ఇరువైపులా 16 కిలోమీటర్ల మేర ఉండిన స్వేచ్ఛా రాకపోకల సౌకర్యాన్ని 2024లో 10 కిలోమీటర్లకు కుదించి, సరిహద్దు పాసు తప్పనిసరి చేశారు. ఆయుధాలు, మాదకద్రవ్యాల రవాణాను కంచె కొంతవరకు అడ్డుకోగలదు. అయితే మణిపుర్ సరిహద్దు పట్టణం మోరే, అవతలి తము బజార్ల మధ్య బియ్యం, ఉప్పు, వైద్యం కోసం నడిచే మనుషులకు పాసు ఎంత సులువుగా దొరుకుతుందన్నదాని మీదే ఆ గ్రామాలు ప్రభుత్వాన్ని నమ్ముతాయా, శిబిరాల్లోని దళాలను నమ్ముతాయా అన్నది తేలుతుంది.