శాతం కనబడితే హారం అడుగు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

వార్తల డెస్కులో చేరావు కదా, ఇక రోజూ నీ ముందుకు అంకెలు వచ్చిపడతాయి. తప్పుడు అంకెలు ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతాయి. నిజమైన అంకెలతో మోసం చేస్తే పట్టుకోవడమే కష్టం.

ఎక్కడ శాతం కనిపించినా ముందు దాని హారం, అంటే ఏ మొత్తం మీద ఆ శాతం కట్టారో ఆ అంకె, వెతుకు. ఎంతమందిలో ఎంతమంది? ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసుకో. అవి దొరకనంతవరకు ఆ శాతాన్ని హెడ్డింగులోకి ఎక్కించకు.

1995 అక్టోబరులో బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడు. కొత్త రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని అక్కడి ఔషధ భద్రత కమిటీ హెచ్చరించింది. అది నిజమే. పాత మాత్రలు వాడే 7 వేల మందిలో ఒకరికి వచ్చేది, కొత్తవాటితో ఇద్దరికి వస్తోంది. అంటే 7 వేల మందికి ఒక్కరు అదనం. జనం చెవిన పడింది మాత్రం ‘రెట్టింపు’ అన్న మాటే. హడలిపోయి చాలామంది మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13 వేల అబార్షన్లు అదనంగా జరిగాయని అంచనా. గర్భం వస్తే రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రలతో వచ్చేదానికంటే ఎక్కువ. హారం చెప్పకపోతే ఇంత నష్టం జరుగుతుంది.

నిరుద్యోగం 4 శాతం నుంచి 5కి చేరితే ఒకరు ‘ఒక శాతమే’ అంటారు, ఇంకొకరు ‘25 శాతం పెరిగింది’ అంటారు. నువ్వు ‘4 నుంచి 5 శాతానికి’ అని రెండు కొసలూ రాసెయ్యి, గొడవ ఉండదు.

హారం తెలిసినా సరిపోని సందర్భం ఒకటుంది. ఇది నిదానంగా చదువు. 1986లో కిడ్నీ రాళ్ల చికిత్సలపై ఒక అధ్యయనం వచ్చింది. కోత ఆపరేషన్ 350 మందిలో 273 మందికి ఫలించింది, 78 శాతం. చిన్న రంధ్రం పెట్టి రాయి తీసే పద్ధతి 350లో 289 మందికి, 83 శాతం. రంధ్రం పద్ధతే మేలనిపిస్తుంది. ఇప్పుడు రాళ్లను విడదీసి చూడు. చిన్న రాళ్లలో కోతకు 87లో 81 (93 శాతం), రంధ్రానికి 270లో 234 (87 శాతం). పెద్ద రాళ్లలో కోతకు 263లో 192 (73 శాతం), రంధ్రానికి 80లో 55 (69 శాతం). రెండు చోట్లా కోతదే పైచేయి! పెద్ద రాళ్ల కేసులు ఎక్కువగా కోతకు వెళ్లాయి, సులువైనవి రంధ్రానికి వెళ్లాయి, అందుకే మొత్తం కలిపితే ఫలితం తిరగబడింది. ఆసుపత్రులనో, బడులనో పోల్చే ప్రకటన వస్తే, ఎవరి దగ్గరికి ఎలాంటివాళ్లు వచ్చారో విడివిడిగా అడగాల్సింది ఇందుకే.

సగటు చెబితే మధ్యగతం, అంటే అంకెలన్నీ చిన్న నుంచి పెద్దకు పేరిస్తే నడిమధ్య వచ్చేది, కూడా అడుగు. తొమ్మిది మందికి 20 వేల చొప్పున, ఒకరికి 5 లక్షలు జీతమైతే సగటు 68 వేలు. ఆ జీతం అక్కడ ఎవరికీ లేదు.

కమ్మీల గ్రాఫులో (బార్ గ్రాఫులో) నిలువు గీత సున్నా నుంచి మొదలవకపోతే వేయనివ్వకు. 48 దగ్గర మొదలుపెడితే 52 కమ్మీ 50 కమ్మీకి రెట్టింపు ఎత్తులో కనబడుతుంది. ఒంటి జ్వరం చూపే గీతకు సున్నా అక్కర్లేదు, ఆ తేడా గుర్తుంచుకో.

సర్వేలో ఎంతమందిని అడిగారన్నదాని కంటే ఎవరిని అడిగారన్నదే పెద్ద ప్రశ్న. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని చెప్పింది. 48 రాష్ట్రాల్లో 46 అతని ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌కి వెళ్లాయి. ఫోన్లూ కార్లూ ఉన్నవాళ్ల జాబితాలు వాడారు, పైగా జవాబిచ్చినవాళ్లు కొందరే.

చివరగా, మొదటి ఏడాది ఎవరు ఎంచారో చూడు. ఎల్ నినో (పసిఫిక్ సముద్రపు నీళ్లు అప్పుడప్పుడూ వేడెక్కడం) వల్ల 1998 బాగా వేడెక్కిన ఏడాది. అక్కడ మొదలుపెట్టి 15 ఏళ్లు లెక్కిస్తే భూమి వేడి దశాబ్దానికి 0.05 డిగ్రీలు పెరిగినట్టు వచ్చింది. రెండేళ్లు వెనక్కి జరిగి 1996 నుంచి 15 ఏళ్లు లెక్కిస్తే 0.14 వచ్చింది. కాబట్టి ప్రకటనలో ‘ఫలానా ఏడాది నుంచి’ అని ఉంటే, దానికి ముందు పదేళ్ల అంకెలు కూడా తెప్పించుకున్నాకే రాయి.

మీ మామయ్య