డాల్ఫిన్లను డ్రోన్‌తో తీస్తే కేసు అవుతుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. చిన్న ట్రావెల్ యూట్యూబ్ ఛానెల్ నడుపుతున్నాను, నెలనెలా కాస్త డబ్బు కూడా వస్తోంది. సంక్రాంతికి మా బావగారు అమెరికా నుంచి వస్తూ ముప్పావు కిలో బరువుండే డ్రోన్ తెస్తానన్నారు. దాంతో ఒడిశాలోని చిలికా సరస్సులో సాతపడ దగ్గర డాల్ఫిన్లను పైనుంచి తీయాలని ఆశ. వాటిని ముట్టుకోను, తిండి వేయను, వీడియో మాత్రమే. అమెరికాలో అందరూ తీస్తారని బావగారు అంటున్నారు. ఇక్కడ కేసు అవుతుందా? పోయిన ఏడాది నా స్నేహితుడు అక్కడే తీసిన క్లిప్ ఒకటి నా ఛానెల్లో ఉంది, దానికీ టెన్షన్ పడాలా?

జవాబు: అభయారణ్యం బయట, నీళ్లలో తిరిగే డాల్ఫిన్‌ను దూరం నుంచి వీడియో తీయడం దానంతట అది నేరం కాదు. ఎలా తీశారన్నదాన్ని బట్టి నేరమవుతుంది. అయితే డాల్ఫిన్ల దాకా వెళ్లకముందే మీకు విమానాశ్రయంలో చిక్కు ఉంది, ముందు అది చూడండి.

2022 ఫిబ్రవరి 9 నుంచి మన దేశంలోకి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకే మినహాయింపు ఉంది, బావగారు సూట్‌కేసులో తెచ్చే కానుకకు లేదు. చెప్పకుండా తెస్తే కస్టమ్స్ వాళ్లు పట్టుకుని జప్తు చేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. ఒకవేళ ఇప్పటికే బయల్దేరి ఉంటే, దిగగానే నిజాయితీగా డిక్లేర్ చేసి, తిరిగి వెళ్లేటప్పుడు తీసుకుపోతానని అడగమనండి. కస్టమ్స్ చట్టం సెక్షన్ 80 కింద వస్తువును తమ దగ్గరే ఉంచి, తిరుగు ప్రయాణంలో ఇచ్చే వీలుంది. అసలు తేవద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పడం అన్నిటికంటే మేలు. ఎలాగోలా ఇంటికి చేరినా దానికి ఇక్కడ గుర్తింపు సంఖ్య, అంటే యూఐఎన్, రావడం దాదాపు కుదరని పని. అది లేకుండా ఎగరేస్తే 2021 డ్రోన్ రూల్స్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా.

సరే, ఇక్కడే ప్రభుత్వ ఆమోదం పొందిన రకమని సర్టిఫికెట్ ఉన్న డ్రోన్ కొన్నారు లేదా అద్దెకు తీసుకున్నారు అనుకుందాం. పావుకిలో దాటి రెండు కిలోల లోపు ఉన్నది మైక్రో డ్రోన్. సరదాకి ఎగరేసేవాళ్లకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, కానీ మీకు ఛానెల్ మీద డబ్బు వస్తోంది కదా, దాన్ని సరదా అనుకోరు. వాణిజ్య వినియోగం కిందికి వస్తుంది కాబట్టి పైలట్ సర్టిఫికెట్ కావాలి, థర్డ్ పార్టీ బీమా ఎలాగూ కావాలి. లేదా ఆ రెండూ ఉన్న ఆపరేటర్‌ను ఒక రోజుకు మాట్లాడుకోండి, చాలామంది అలాగే చేస్తున్నారు. తర్వాత డిజిటల్ స్కై అనే కేంద్ర ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు మ్యాప్‌లో మీరు ఎగరేసే చోటు ఏ రంగులో ఉందో ఆ రోజే చూసుకోండి. గ్రీన్ అయితే 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు, ఎల్లో అయితే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి, రెడ్ అయితే కేంద్ర ప్రభుత్వ అనుమతి. చిలికా ఒడ్డునే ఐఎన్ఎస్ చిలికా అనే నౌకాదళ శిక్షణ కేంద్రం ఉంది, ఆ వైపు అసలు పోవద్దు. మనవాళ్లు సాతపడ, పూరీ ఒకే ట్రిప్పులో పెట్టుకుంటారు. పూరీలో జగన్నాథుడి గుడి మీద డ్రోన్ నిషేధం, బ్యాగులోంచి తీయనే తీయకండి.

ఇక అసలు సంగతికి వస్తాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో డాల్ఫిన్లు మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులితో సమానమైన రక్షణ. వేట అంటే తుపాకీ, వల అని మనం అనుకుంటాం గానీ, సెక్షన్ 2(16) జంతువును తరమడాన్నీ, ఎర వేయడాన్నీ, అలా ప్రయత్నించడాన్నీ కూడా వేటలోనే చేర్చింది. మీరు 'ముట్టుకోను' అన్నారు, ముట్టుకోకపోయినా తరిమితే చాలు. శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. కనీస శిక్ష ఉన్న నేరం కాబట్టి అటవీశాఖ ఆఫీసులో డబ్బు కట్టి రాజీ చేసుకునే దారి కూడా లేదు. నేరం రుజువైతే, దానికి వాడారని పట్టుకున్న పడవ, పరికరం సర్కారు పరమవుతాయి.

వంద మీటర్ల ఎత్తులో ఒకచోట నిలిపి తీసినవాణ్ని వేటగాడని నిరూపించడం ప్రాసిక్యూషన్‌కు తేలిక కాదు, అది నేను దాచను. కానీ మంచి షాట్ కోసం మనిషి ఏం చేస్తాడో కూడా నాకు తెలుసు. చిలికాలో ఉండేవి ఇరావడీ డాల్ఫిన్లు, సరస్సు మొత్తం మీద నూటయాభైకి అటూ ఇటూ. గుండ్రటి తల, ముక్కు ముందుకు పొడుచుకుని ఉండదు, వీపు మీద చిన్న రెక్క. సినిమాల్లో చూసినట్టు గాల్లోకి ఎగిరి పల్టీలు కొట్టవు. నేను సాతపడ వెళ్లినప్పుడు పడవతను ఇంజిను ఆపేశాక పావుగంట ఏమీ కనిపించలేదు. తర్వాత పడవ పక్కనే ఫుస్సుమని ఒక ఊపిరి, నల్లటి వీపు ఒకటి, దాన్ని ఆనుకుని చిన్న వీపు ఒకటి, అంతే, మళ్లీ నీళ్లు మూసుకున్నాయి. కెమెరాకు దొరికేది ఆ రెండు క్షణాలే. అందుకే డ్రోన్‌ను ఇంకా కిందికి దించుతారు, మునిగిన వైపే తిప్పుతారు, జోరీగలా నెత్తిమీద రొద పెడుతూ వెంటపడతారు. ఊపిరి కోసం పైకి రావాల్సిన జంతువు పైకి రావడానికే జంకితే, పాలు తాగే పిల్ల తల్లి పక్కనుంచి చెదిరిపోతే, అది తరమడం కాదని నేను మీ తరఫున కోర్టులో గట్టిగా వాదించలేను. పైగా సాక్ష్యం బయటినుంచి తేనక్కర్లేదు. డ్రోన్ ఎంత ఎత్తులో ఉంది, ఎటు తిరిగింది, డాల్ఫిన్ ఎన్నిసార్లు మునిగింది, అన్నీ మీ వీడియోలోనే, డ్రోన్ తన ప్రయాణాన్ని నమోదు చేసుకునే లాగ్‌లోనే ఉంటాయి. అటవీశాఖే కేసు పెట్టాలని కూడా లేదు. సెక్షన్ 55 ప్రకారం అరవై రోజుల నోటీసు ఇచ్చి మామూలు పౌరుడు కూడా కోర్టుకు వెళ్లొచ్చు, మీ వీడియో చూసిన ఎవరైనా సరే.

బావగారి మాటకు ఒక్క ముక్క. అమెరికాలోనూ 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ఉంది. ఊపిరి తీసుకోవడం, పాలివ్వడం, మేత వంటి పనులకు భంగం కలిగించగల వెంటపడటాన్ని అది వేధింపు అంటుంది.

చిలికాలో నలబణ పక్షుల అభయారణ్యం ఉంది. దాని హద్దులోకి వెళ్లి తీయాలంటే మన వన్యప్రాణి చట్టం సెక్షన్ 28 కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి పర్మిట్ కావాలి, అదీ జంతువులకు, వాటి చోటుకు చెడు జరగదంటేనే. సంక్రాంతి రోజుల్లో అక్కడ వలస పక్షులు గుంపులుగా ఉంటాయి, డ్రోన్ ఆలోచనే వదిలేయండి. సాతపడ వైపు డాల్ఫిన్ల కోసమైనా, బాలుగావ్‌లోని చిలికా వన్యప్రాణి విభాగానికి తేదీ, చోటు, ఎత్తు, డ్రోన్ నంబరు రాసి ముందే అనుమతి అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వద్దంటే వద్దు. పడవలోంచి జూమ్ కెమెరాతో తీయండి, కానీ డబ్బు ఎక్కువిస్తాను దగ్గరికి పోనివ్వు అని మాత్రం పడవతన్ని అడగకండి. తరిమించినవాళ్లు కూడా కేసులోకి వస్తారు.

పాత క్లిప్ సంగతి. ఏడాది గడిచింది కదా అని ధీమా వద్దు, మూడేళ్లు మించి శిక్ష ఉన్న నేరాలకు కాలపరిమితి అడ్డురాదు. క్లిప్‌ను నిదానంగా చూడండి. ఎత్తు నుంచి, డాల్ఫిన్లు తమ మానాన తాము ఈదుతుంటే భయపడాల్సింది పెద్దగా లేదు, డ్రోన్ అనుమతులు ఉన్నాయో లేదో స్నేహితుణ్ని అడగండి. వెంటపడినట్టు కనిపిస్తే దాన్ని ఛానెల్లో ప్రైవేట్ చేయండి, చూసి ఇంకొకరు అలాగే చేయకుండా. ఒరిజినల్ ఫైలు మాత్రం చెరిపేయకండి, సాక్ష్యం మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 238 కింద వేరే నేరం. అటవీశాఖ నుంచి పిలుపు వస్తే, ఫోన్లో ఏమీ ఒప్పుకోకుండా, నోటీసు కాపీ తీసుకుని దగ్గర్లోని లాయరుతో కలిసి వెళ్లండి.